బస్సు సంగతి డాక్టరుకు చెప్పారా?

‘మందులు సరిగ్గా వాడటం లేదు’ అని ఓపీ చీటీ మీద రాసేయడం తేలిక. ఎందుకు వాడటం లేదో నాలుగు నిమిషాలు కూర్చోబెట్టి అడిగితే, చాలాసార్లు జవాబు బస్‌స్టాప్ దగ్గర తేలుతుంది.

మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఎప్పుడైనా అద్దె ఇల్లు వెతికారా? హైదరాబాద్‌లో 2017 నవంబరులో మెట్రో మొదలైంది. స్టేషన్ దగ్గరి ఇంటికి గిరాకీ ఎక్కువ. అద్దె పెరిగితే ముందు ఖాళీ చేయాల్సింది ఇళ్లలో పనిచేసే అమ్మ, హోటల్ వంటమనిషి, వాచ్‌మన్. వాళ్లు శివారుకు పోతారు. పని మాత్రం పాతచోటే.

అమెరికాలో కథ తిరగబడింది. అక్కడి పేదలు నగరం నడిబొడ్డున ఎక్కువగా ఉండటానికి పెద్ద కారణం బస్సులు, రైళ్లు అందుబాటులో ఉండటమేనని ఎడ్వర్డ్ గ్లేజర్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు 2008లో ప్రచురించిన పరిశోధనలో తేల్చారు. కారు కొనలేనివాళ్లు బస్సు ఉన్నచోటే ఉంటారన్నమాట. మన దగ్గర ప్రభుత్వం ఇచ్చే ఇల్లు కూడా ఊరి చివరే దొరుకుతోంది. 2023 జూన్‌లో ప్రారంభించిన కొల్లూరు డబుల్ బెడ్‌రూం కాలనీలో 15,660 ఇళ్లున్నాయి, అవుటర్ రింగ్ రోడ్డు పక్కన. సొంత గూడు దొరకడం గొప్ప మేలే, కాదనను. కానీ రోజూ నగరంలోకి వెళ్లి రావాల్సిన మనిషికి ఆ దూరం ఒంటి మీద పడుతుంది.

ఎలాగంటారా? గుండె బలహీనత, కాళ్ల వాపు ఉన్నవాళ్లకు ‘నీరు దిగే మాత్ర’ ఇస్తాం. వేసుకున్న గంటలోపే మూత్రం ఎక్కువవుతుంది. గంటన్నర బస్సు ప్రయాణంలో దిగేదెక్కడ? అందుకే పనికెళ్లే రోజు మాత్ర మానేస్తారు. వారానికి ఆరు రోజులు అలా గడిస్తే ఆయాసంతో ఎమర్జెన్సీకి వస్తారు. ఇలాంటివాళ్లు మాత్ర మానక్కర్లేదు. వేసుకునే వేళ మార్చుకోవచ్చు, పనిచోటికి చేరాకో, సాయంత్రం ఇంటికొచ్చాకో. ఏ వేళ అన్నది మీ డాక్టరుతో కలిసి నిర్ణయించుకోండి.

ఆడవాళ్లయితే అసలు నీళ్లే తాగరు. దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి లేదని భయం. నీళ్లు తగ్గించి, మూత్రం బిగబట్టుకుంటే ఇన్‌ఫెక్షన్లు మళ్లీ మళ్లీ వస్తాయి. ఇది వాళ్ల అశ్రద్ధ అని నేను అనను.

షుగర్ ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర తెల్లవారుజామున ఇంట్లో వేసుకుని, టిఫిన్ పనిచోట పదింటికి తింటే మధ్యలో షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు చీకట్లు కమ్మడం దాని గుర్తులు. రద్దీ బస్సులో నిలబడి ఉంటే ఉక్కపోతే అనుకుంటారు! మూడు చెంచాల పంచదార పొట్లం జేబులో ఉంచుకోండి. గుర్తులు కనిపించగానే తినేయండి. పావుగంటలో తగ్గకపోతే మళ్లీ తినండి. అప్పటికీ తేరుకోకపోతే 108కి ఫోన్ చేయించండి. ఆ మాత్ర తిండితోనే వేసుకోవాలి, గడియారాన్ని బట్టి కాదు.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మహిళలకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. మా ఓపీలో ఇప్పుడు భార్య మందులకు నెలనెలా వస్తోంది. షుగర్ ఉన్న భర్త రావడం లేదు, చార్జీతో పాటు ఆ రోజు కూలీ కూడా పోతుందని. ఆయన ఇంటి దగ్గరి బస్తీ దవాఖానాకో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో పాత చీటీ తీసుకెళ్తే చాలు. బీపీ, షుగర్ పరీక్ష, మామూలు మందులు అక్కడ ఉచితమే. పెద్దాసుపత్రికి మాత్రం డాక్టరు రమ్మన్న గడువుకు తప్పకుండా రావాలి.

ఈసారి ఓపీకి వచ్చినప్పుడు మూడు విషయాలు చెప్పండి. ఇంట్లోంచి ఎన్నింటికి బయల్దేరతారు, మొదటి ముద్ద ఎన్నింటికి తింటారు, ఎన్ని బస్సులు మారతారు. డాక్టరు అడగకపోయినా చెప్పండి.