క్షార జలాలలో రంగుల గుంపుచేపల పెంపకం: మణికొండ గృహ ఆక్వేరియంలకు సూచనలు

మణికొండ, పుప్పాలగూడ పరిసరాలలోని బహుళ అంతస్తుల నివాసాలలో ఆక్వేరియం నేడు సాధారణ దృశ్యం. నియాన్ టెట్రా వంటి రంగుల గుంపుచేపలను కొత్త తొట్టెలో విడిచిన వారం పది రోజులకే అవి మరణించడమూ అంతే సాధారణం. దీనిని వ్యాధిగా భావించి మందులు వేయడం పరిపాటి. అనేక సందర్భాలలో అసలు కారణం అమ్మోనియా. క్షార నేలలలో యూరియా నత్రజని అమ్మోనియాగా ఆవిరయ్యే తీరు తెలిసిన వ్యవసాయ విద్యార్థికి ఇది కొత్త విషయం కాదు.

నీటి స్వభావం

గ్రానైట్ శిలల నుండి లభించే ఇక్కడి బోరు నీటికి సాధారణంగా కాఠిన్యం ఎక్కువ. స్వల్ప క్షార గుణమూ ఉంటుంది. వేసవిలో వచ్చే ట్యాంకరు నీటి గుణం ప్రతిసారీ ఒకేలా ఉండదు. చేపలు విసర్జించే అమ్మోనియా నీటిలో అమ్మోనియం అయానుగాను, స్వేచ్ఛా అమ్మోనియాగాను ఉంటుంది. మొప్పలను దెబ్బతీసేది ప్రధానంగా రెండవది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉదజని సూచిక 7 అయితే స్వేచ్ఛా రూపం మొత్తంలో సుమారు 0.6 శాతం, 8 అయితే సుమారు 5 శాతం. అనగా అదే వ్యర్థం దాదాపు తొమ్మిది రెట్లు విషపూరితమవుతుంది. వేసవి వేడి దీనిని మరింత పెంచుతుంది.

నత్రీకరణ

నేలలో వలెనే తొట్టెలోనూ నైట్రోసోమోనాస్ వంటి బాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రోస్పైరా వంటివి నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. ఫిల్టరు స్పాంజిపై ఇవి స్థిరపడటానికి 4 నుండి 6 వారాలు పడుతుంది. అంతవరకు చేపలు లేకుండా, కొద్దిగా మేత వేస్తూ ఫిల్టరు నడపాలి. పరీక్షా కిట్‌లో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు చేరిన తరువాతనే చేపలను కొద్దికొద్దిగా విడవాలి.

జాతుల ఎంపిక

అమెజాన్ పరీవాహకానికి చెందిన నియాన్ టెట్రా సహజంగా మృదువైన ఆమ్ల జలాలలో జీవిస్తుంది. ఆర్.ఓ. నీటిని కలిపి కాఠిన్యం తగ్గించవచ్చును గాని, ట్యాంకర్లపై ఆధారపడిన ప్రాంతంలో ఆ ప్రక్రియ వృథా చేసే నీరు తక్కువేమీ కాదు. నీటికి తగిన చేపను ఎంచుకోవడమే మేలు. హామిల్టన్ 1822లో వర్ణించిన జీబ్రా డానియో, రోజీ బార్బ్ దక్షిణాసియా జాతులే. ఒక మోస్తరు కఠిన జలాలను తట్టుకుంటాయి. పశ్చిమ కనుమలకు చెందిన డెనిసన్ బార్బ్ అంతరించే ప్రమాదంలో ఉన్నందున కేంద్రాలలో పెంచిన పిల్లలనే కొనాలి.

గుంపులో కనీసం 6, వీలైతే 8 నుండి 10 చేపలుండాలి. సంఖ్య తగ్గితే అవి బెదిరి మూలలకు చేరతాయి, రంగు వెలిసిపోతుంది. 60×30×30 సెం.మీ. తొట్టెలో సుమారు 45 లీటర్ల నీరు పడుతుంది. 8 నుండి 10 డానియోలకు అది చాలును. రోజీ బార్బ్‌కు ఇంతకంటే పొడవైన తొట్టె అవసరం.

యాజమాన్యం

• వారానికి 20 నుండి 25 శాతం నీటిని మార్చాలి. కుళాయి నీటిలోని క్లోరిన్‌ను సోడియం థయోసల్ఫేటుతో తొలగించాలి.
• స్పాంజిని తొట్టె నుండి తీసిన నీటిలోనే కడగాలి. క్లోరిన్ ఉన్న నీరు మేలు చేసే బాక్టీరియాను చంపుతుంది.
• రెండు నిమిషాలలో తినగలిగినంత మేతనే వేయాలి.
• వేసవిలో తొట్టెకు ఎండ తగలనీయక, గాలి పంపును నిరంతరం నడపాలి.
• తీసిన నీటిలో నైట్రేటు ఉంటుంది కనుక దానిని బాల్కనీ మొక్కలకు పోయవచ్చును.

పెంచలేని చేపలను చెరువులలో విడవరాదు. ఆక్వేరియం వ్యాపారం ద్వారా వచ్చిన సక్కర్‌మౌత్ క్యాట్‌ఫిష్ తెలుగు రాష్ట్రాల జలాశయాలలో వ్యాపించి స్థానిక జాతులకు, మత్స్యకారుల వలలకు నష్టం కలిగిస్తున్నది. చేపలు చనిపోతున్నాయని సలహా కోరేవారిని విస్తరణ శాస్త్రవేత్తలు ముందుగా తొట్టె వయస్సు, నీటి ఉదజని సూచిక అడగడం మంచిది. మందుల ప్రస్తావన ఆ తరువాతనే రావాలి.