పెరటి కొబ్బరిమాను: కోత, ఆరుదల

కోటిపల్లి రేవుకు ఎదురుగా గౌతమి ఒడ్డున ఉన్న ముక్తేశ్వరంలోనూ, దాని చుట్టుపక్కల గ్రామాల్లోనూ పెరడంటే ముందుగా కొబ్బరిచెట్టే కనుక, కూలిన పెరటి చెట్టును కలపగా మార్చుకోవడమెలా అన్న ప్రశ్న ఇక్కడ టేకుకన్నా, మామిడికన్నా ముందు కొబ్బరికే వర్తిస్తుంది. 1996 నవంబరు 6 నాటి తుపానుకు లక్షల కొబ్బరిచెట్లు నేలకొరిగిన ప్రాంతమిది. అయినా కొబ్బరిమాను అనగానే కాలువ మీద దాటుకు వేసే దుంగగానో, పొయ్యిలోకి కట్టెగానో చూసే అలవాటే ఇప్పటికీ ఎక్కువ.

మామిడి, పనస వంటి చెట్లు ఏటేటా లావెక్కుతూ నడుమ చేవ కడతాయి. ఏకదళబీజ జాతికి చెందిన కొబ్బరికి వార్షిక వలయాలూ ఉండవు, చేవా ఉండదు. దాని గట్టిదనమంతా అంచున, అందులోనూ మొదలు వైపున ఉంటుంది. నరికిన మొదలును దగ్గరగా చూస్తే ముదురు గోధుమరంగు చుక్కలు బెరడు వైపు ఒత్తుగాను, నడుమకు పోయేకొద్దీ పలచగాను కనిపిస్తాయి. నీటినీ ఆహారాన్నీ మోసే నాళికాపుంజాలు ఇవే. ఈ తేడా వల్లనే అంచు కలప ఘనపు మీటరుకు 600 కిలోలకు మించి తూగితే, నడిమి భాగం 400 కిలోలకు లోపే తూగుతుంది. కాబట్టి దుంగను నడిమికి చీల్చకుండా, నాలుగు వైపులా తిప్పుతూ అంచు పలకలను తీసుకుని, మెత్తని నడిమి చెక్కను వేరుచేయడమే సరైన కోత.

ఈ కలప రంపపు పళ్లను త్వరగా మొద్దుబారుస్తుంది కనుక, టంగ్‌స్టన్ కార్బైడ్ పళ్లున్న రంపం వాడడం మేలు. అంతకన్నా ముందు చూసుకోవలసినది మేకులను: దండెం కట్టడానికి ఎప్పుడో కొట్టిన మేకు ఒక్కటి లోపల మిగిలినా రంపం పాడవుతుంది, కోసేవారికీ ప్రమాదం.

కలప తేమను ఎండిన చెక్క బరువుతో పోల్చి శాతంగా చెబుతారు. మెత్తని నడిమి భాగంలో చెక్క బరువుకు రెండు మూడు రెట్ల నీరు ఉండవచ్చు కనుక, ఆ శాతం వందను దాటడం వింత కాదు. పైగా ఇందులోని చక్కెర, పిండిపదార్థాల వల్ల పచ్చి పలకలకు కొద్ది రోజుల్లోనే బూజు పడుతుంది. అందువల్ల చెట్టు పడిన వెంటనే కోయించి, పలకల కొసలకు పెయింటు పూసి, నేలకు జానెడు ఎత్తున, గాలి ధారాళంగా ఆడే నీడలో, వరుసకూ వరుసకూ మధ్య ఒకే మందం గల బద్దలు పెట్టి, ఆ బద్దలు పైనుంచి కిందివరకు ఒకే వరుసలో వచ్చేలా పేర్చి, పైన బరువు ఉంచాలి. ఎండలో పడేస్తే పలక పైభాగం ముందే ఆరి బిగుసుకుని, లోపలి తడి వల్ల పగుళ్లు తీస్తుంది.

అంగుళం పలక ఆరడానికి వారాలు, రెండంగుళాలదానికి నెలలు పడుతుంది. ఆరిందో లేదో తెలుసుకోవడానికి పరికరం లేకపోయినా ఫరవాలేదు: ఒక పలకకు గుర్తుపెట్టి వారానికొకసారి తూచి, బరువు తగ్గడం ఆగిందంటే, అది చుట్టూ ఉన్న గాలితో సమానమైనట్లే. నదీతీరపు తేమగాలిలో ఆరిన ఆ పలకను, సామాను చేయించే ముందు, మరికొన్నాళ్లు ఇంట్లో ఉంచడం అవసరం. ఇంత శ్రద్ధతో ఆరినా మందు పట్టించని కొబ్బరి కలప నేలను తాకితే చెదలకూ కుళ్లుకూ లొంగుతుంది కనుక, దానిని ఇంటిలోపలి పనులకే వాడాలి.

పనికిరాదని మానును పెరట్లోనే వదిలేసేవారు మరొకటి గుర్తుంచుకోవాలి: మిగతా కొబ్బరిచెట్ల మొవ్వును తొలిచే కొమ్ముపురుగు గుడ్లు పెట్టి పెరిగేది అలా కుళ్లుతున్న మానుల్లో కూడా.