ఉరుము వినబడితే ఆట ఆపండి

కటవారియా సరాయ్ దగ్గర మైదానంలో మీరు ఫుట్‌బాల్ ఆడుతున్నారనుకోండి. వాన మొదలైంది. ఆట ఆపాలా? చినుకులకు ఆపనక్కరలేదు. నీరు నిలిచి బంతి దొర్లకపోతే వాయిదా వేయాలి. ఉరుము వినబడితే వెంటనే ఆపాలి.

ఎందుకు? ఉరుము వినబడే దూరంలో ఉన్నవారిపై పిడుగు పడవచ్చు. చెట్టు కింద నిలబడకండి. పక్కా భవనంలోకి వెళ్లండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి.

2025 జూన్ 28న అమెరికాలోని షార్లెట్‌లో చెల్సీ, బెన్ఫికా జట్ల మ్యాచ్‌ను పిడుగుల ప్రమాదం వల్ల దాదాపు 2 గంటలు ఆపారు. తర్వాత ఆట కొనసాగింది, చెల్సీ గెలిచింది. ఆగిన ఆటను మళ్లీ ఆడవచ్చు. పోయిన ప్రాణం తిరిగిరాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
మెరుపు కనబడిన 6 సెకన్లకు ఉరుము వినబడింది. పిడుగు ఎంత దూరంలో పడింది? (సూచన: ధ్వని 3 సెకన్లలో సుమారు 1 కి.మీ. ప్రయాణిస్తుంది.)
జవాబు: సుమారు 2 కి.మీ.