కూరగాయ మొక్కల పునరుత్పత్తి: వంగ లొంగింది, మిరప మొండికేసింది

నల్లకుంట కూరగాయల మార్కెట్టులో వంకాయలు, టమాటాలు, పచ్చిమిరపకాయలు పక్కపక్కనే కుప్పలుగా పోసి ఉంటాయి. ఈ మూడు పంటలూ సొలనేసి కుటుంబానికి చెందినవే. అయినా వీటి కణజాలాన్ని గాజు నాళికల్లో పెంచితే మూడూ ఒకే విధంగా స్పందించవు. వంగ, టమాటా చాలావరకు లొంగుతాయి, మిరప మొండికేస్తుంది. కారణమేమిటో ఈ భాగంలో తెలుసుకుందాం.

విత్తనం ఉండగా ఇది ఎందుకు?

ఈ సందేహం మీకు రావడం సహజం. అరటి పిలకలకు బదులు కణజాల వర్ధనం మొక్కలు నాటుతున్నారు గాని, వంగకూ మిరపకూ రైతు విత్తనంతోనే నారు పోస్తాడు. ఇక్కడ అవసరం వేరు. ఒక కొత్త జన్యువును మొక్కలో ప్రవేశపెట్టినప్పుడు అది కొద్ది కణాలకే చేరుతుంది. ఆ కణాల నుంచి పూర్తి మొక్క రాకపోతే శ్రమ అంతా వృథా. బీటీ వంగ ఇందుకు ఉదాహరణ. దీని సాగుపై 2010 జనవరిలో హైదరాబాదులో కూడా ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఆ ఏడాది ఫిబ్రవరి 9న కేంద్ర మంత్రి జైరాం రమేష్ మారటోరియం ప్రకటించారు. ఆ చర్చ భద్రత గురించి. అయితే అంతకు ముందే, జన్యువు చేరిన కణం మొక్కగా మారవలసి ఉంది.

ప్రయోగ విధానం

విత్తనాల ఉపరితలాన్ని సూక్ష్మజీవరహితం చేసి, నాళికల్లోనే మొలకెత్తిస్తారు. లేత మొలకల నుంచి బీజదళాలను, వాటి కింది లేత కాండాన్ని ముక్కలుగా కోస్తారు. ఈ ముక్కలే ఎక్స్‌ప్లాంట్లు. వీటిని మురాషిగే, స్కూగ్ 1962లో రూపొందించిన ఎం.ఎస్. యానకంపై ఉంచుతారు. లీటరు యానకంలో సాధారణంగా 30 గ్రాముల సుక్రోజు, సుమారు 8 గ్రాముల అగార్ ఉంటాయి. పి.హెచ్.ను 5.8కి సరిచేసి, ఆటోక్లేవులో 121 డిగ్రీల సెల్సియస్ వద్ద 15 నుంచి 20 నిమిషాలు ఉంచుతారు.

ఇక ఏ అవయవం రావాలన్నది వృద్ధి నియంత్రకాల నిష్పత్తి మీద ఆధారపడుతుంది. స్కూగ్, మిల్లర్ 1957లో పొగాకు కణజాలంలో దీన్ని నిరూపించారు. సైటోకైనిన్ ఎక్కువైతే మొగ్గలు, ఆక్సిన్ ఎక్కువైతే వేళ్లు వస్తాయి. రెండూ దాదాపు సమతూకంలో ఉంటే కాలస్ పెరుగుతుంది. పొగాకు కూడా సొలనేసి మొక్కే అని గమనించండి.

మిరపతో చిక్కు

మిరపలో మొక్కల పునరుత్పత్తిని గునయ్, రావు 1978లో ప్రచురించారు. వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయంలోనూ మిరపపై ప్రయోగాలు జరిగాయి. మిరప ఎక్స్‌ప్లాంట్లు మొగ్గలు వేయకపోవు. కాని ఆ మొగ్గలు చాలాసార్లు ఆకుల గుత్తిగా ఆగిపోయి, కాండం సాగదు. ఒక రకానికి పనిచేసిన యానకం మరో రకానికి పనిచేయకపోవచ్చు. కాండం సాగడానికి జిబ్బరెల్లిక్ ఆమ్లాన్ని, ఇథిలీన్ ప్రభావాన్ని అడ్డుకోవడానికి సిల్వర్ నైట్రేటును వాడి చూస్తారు. రెండూ అన్ని రకాలకూ పరిష్కారం కావు. మిరపలో జన్యుమార్పిడి కష్టం కావడానికి ఇదొక ముఖ్య కారణం.

దేన్ని లెక్కించాలి?

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. 100 మిరప బీజదళ ముక్కల్లో 80 మొగ్గలు వేశాయి. వాటిలో 20 ముక్కల నుంచి ఒక్కొక్క మొగ్గే ప్రకాండంగా సాగింది. ఆ 20 ప్రకాండాల్లో 15 వేళ్లు వేశాయి. కుండీలోకి మార్చాక 9 బతికాయి. "80 శాతం స్పందన" అని రాస్తే అది అబద్ధం కాదు. కాని చేతికి వచ్చినవి 9 మొక్కలే. నాళికలోని తేమకు అలవాటుపడిన ఆకులపై మైనపు పూత పలుచగా ఉంటుంది. బయటి గాలికి అవి త్వరగా వాడిపోతాయి. అందుకే మొక్కలను కొన్నాళ్లు మూతకింద ఉంచి, తేమను క్రమంగా తగ్గిస్తూ అలవాటు చేయాలి. బతికినవన్నీ తల్లి మొక్కలాగే ఉంటాయనీ చెప్పలేం. కాలస్ దశ ఎక్కువకాలం సాగితే సోమాక్లోనల్ వైవిధ్యం కనిపించవచ్చు. కనుక అవి పూసి, కాసి, విత్తనమిచ్చే వరకూ పరిశీలించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పై ఉదాహరణలో ఏ దశలో నష్టం ఎక్కువ? దాన్ని తగ్గించడానికి యానకంలో ఏ మార్పు చేసి చూస్తారు?
2. కణజాల వర్ధనం గురించి చదివేటప్పుడు మొగ్గల శాతంతోపాటు ఇంకా ఏయే సంఖ్యలను వెతకాలి? ఎందుకు?