ఉమర్ ఆలీషా కవిగారు - కేంద్ర శాసనసభ



ఉమర్ ఆలీషా కవిగారి పేరు మీలో ననేకులు వినియే యుందురు. వారు 1885వ సంవత్సరమున పిఠాపురమున జన్మించిరి. తండ్రిగారగు మొహియుద్దీన్ బాదుషాగారి పిమ్మట అచ్చటి ఆధ్యాత్మిక పీఠమునకు ఆరవ అధిపతులైరి. ఉమర్ ఖయ్యాము రుబాయీలను ఇంగ్లీషు తర్జుమా చూచి గాక పారసీక మూలమునుండియే తెలుగు పద్యములుగా చేసిరి. మహమ్మదు ప్రవక్త చరిత్రను వ్రాసిన చేతితోనే అనసూయాదేవి కథను నాటకముగా వ్రాసిరి. అయితే నేను నేడు చెప్పబూనినది వారి కవిత్వమును గూర్చి కాదు. కవిగారు ఇంచుమించు పదియేండ్లు ఢిల్లీలోని కేంద్ర శాసనసభలో సభ్యులై యుండిరి. వారికి ఓటు వేయు హక్కు ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములలో కొందరికే యుండెను, తక్కినవారికి లేకుండెను. ఎందుచేత? ఈ సంగతి ఇప్పటివారికి తెలియదు. అందుచేత కొంచెము వివరముగా చెప్పెదను.

1906లో ఆగాఖాను నాయకత్వమున కొందరు ముసల్మాను ప్రముఖులు సిమ్లాకు పోయి రాజప్రతినిధిని దర్శించి, తమవారిని తామే ఎన్నుకొనునట్లు ఏర్పాటు కావలెనని కోరిరి. 1909 చట్టము ఆ కోరికను చెల్లించెను. 1916లో లక్నోలో కాంగ్రెసువారును ముస్లిం లీగువారును కలిసి చేసికొన్న ఒడంబడికలో కాంగ్రెసు కూడ దీని నంగీకరించెను. 1919 చట్టము దానిని స్థిరపరచెను. ఆ చట్టము ననుసరించి కేంద్ర సభలో మదరాసు రాజధానికి 16 స్థానములు. అందులో ముసల్మానులకు ప్రత్యేకించినవి 3. వానిలో నొకటి ఉత్తర మదరాసు ముసల్మాను నియోజకవర్గము. తెలుగు మండలములనేకము ఈ యొక్క నియోజకవర్గములో చేరియుండెను.

తాడేపల్లిగూడెము దాపున ఏలూరు కాలువ గట్టుమీద ఇద్దరు రైతులున్నారనుకొనుడు. ఒకరు హిందువు, ఒకరు ముసల్మాను. ఇద్దరి పొలములకును నీరు ధవళేశ్వరము ఆనకట్టనుండియే రావలెను. ఇద్దరి శిస్తు లెక్కయు ఒక కరణము దస్త్రములోనిదే. ఒకరి గట్టు తెగినచో రెండవవాని చేను మునుగును. కాని ఓటర్ల జాబితాకు వచ్చునప్పటికి ఒకరి పేరు ఒక పుస్తకములోను, రెండవవారి పేరు వేరొక పుస్తకములోను ఉండును. హిందూ రైతు తూర్పు, పశ్చిమ గోదావరి, కృష్ణా మండలముల సాధారణ స్థానమునకు ఓటు వేయవలెను. పొరుగు రైతు వేయునది పైన చెప్పిన ఉత్తర మదరాసు ముసల్మాను స్థానమునకు. ఒకరి అభ్యర్థికి వేరొకరు, ఎంత యిష్టమున్నను, ఓటు వేయుటకు వీలులేదు. మా వైపు పల్లెలలో పీర్ల పండుగ వచ్చినప్పుడు గుండమునకు కట్టెలు మోయువారిలో హిందువులే యెక్కువ. అట్టి పల్లెలకు ఈ రెండు పుస్తకముల పద్ధతి ఎంత కొత్తగా తోచియుండునో మీరే యూహింపుడు.

1934 ఎన్నికలో జరిగినది చూడుడు. సాధారణ స్థానమునుండి ఎన్నికైనవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. ఆంధ్రపత్రికను, భారతిని నడపినవారు, అమృతాంజనము సొమ్మును తెలుగు గ్రంథములకు ధారపోసినవారు. ముసల్మాను స్థానమునుండి ఎన్నికైనవారు మన కవిగారు. చట్టము కాలువగట్టు రైతుల నిద్దరిని విడదీసి, మీమీవారిని వేరువేరుగా పంపుడని శాసించెను. రెండు పుస్తకములనుండియు తెలుగు వాఙ్మయమునకు సేవచేసిన మనుజుడే వచ్చెను. ఇది యాదృచ్ఛికమని కొందరందురు. నాకట్లు తోచదు. ఆ కాలమున ఈ డెల్టాలో పలుకుబడి సంపాదించుటకు పద్యము, పురాణము, ఉపన్యాసము రాజమార్గములు. ఆ మార్గము హిందువునకెంతయో ముసల్మానునకు నంతయే తెరచియుండెను.

అయినను ఓటు ఎందరికుండెనో గూడ చెప్పవలెను. లేనిచో ఇదియంతయు గొప్ప ప్రజారాజ్యమని మీరు భ్రమపడుదురు. 1934లో కేంద్ర సభకు దేశమంతటను ఓటర్లు సుమారు 14 లక్షలు మాత్రమే. బ్రిటిషు ఇండియా జనసంఖ్యయో, పాతిక కోట్లకు మించినది. తగినంత భూమిశిస్తో ఆదాయపు పన్నో చెల్లించువారికే ఆ హక్కు. ఏలూరి తివాచీల పేరు విదేశములవరకు ప్రాకెను. వానిని నేయు ముసల్మాను కూలివానికి మాత్రము ముసల్మానుల జాబితాలో గూడ చోటు లేదు. కొల్లేటి లంకలలో చేపలు పట్టి బ్రదుకు హిందువునకు హిందువుల జాబితాలో చోటు లేదు. మతమునుబట్టి విడదీసిన ఆ చట్టము బీదవారి విషయమున ఇద్దరినొక్కటిగానే చూచెను!

ఆ సభకు అధికారము కొద్ది. సభవారు పద్దును త్రోసివేసినను గవర్నరు జనరలు దానిని తిరిగి నిలుపవచ్చును. కాని ఆ సభను వట్టి మాటల సభ యనుట సరికాదు. కవిగారు సభ్యులుగా నున్న కాలముననే 1937లో ముసల్మానుల ఆస్తి వివాహాది విషయములకు షరియతును వర్తింపజేయు చట్టమును, 1939లో ముసల్మాను స్త్రీ తగిన కారణములు చూపి న్యాయస్థానమున వివాహమును రద్దు చేయించుకొనుటకు వీలిచ్చు చట్టమును వెలువడెను. ఈ రెండును నేటికిని అమలులో నున్నవి. హిందూ వితంతువునకు భర్త ఆస్తిలో హక్కు నిచ్చిన 1937 చట్టము సైతము ఆ సభలోనిదే. తరువాత 1956 చట్టము దాని స్థానమును పొందెను.

ప్రత్యేక నియోజకవర్గములను కోరినవారి భయము నిష్కారణమని నేనను. లంక గ్రామములో రెండు మూడిండ్ల ముసల్మానులుందురు. అందరును కలిసి ఓటు వేసినచో తమవాడెన్నడును గెలువడని వారనుకొనుట సహజము. అయితే ఈ మందుకొక దోషము కలదు. సాధారణ స్థానమునకు నిలిచిన హిందువు ఆ మూడిండ్ల వాకిటికి పోనక్కరలేదు, అచ్చట అతనికి ఓటు లేదు కనుక. ముసల్మాను అభ్యర్థియు అటులే తక్కిన మూడువందల యిండ్లకు జవాబు చెప్పనక్కరలేదు. ఎన్నిక దినమున పొరుగువారు ఒకరికొకరు అక్కరకు రానివారైరి. ఇరువర్గములును కలిసి పనిచేయలేక కాదు. 1937లో రాజాజీగారి మంత్రివర్గమున మరామతు శాఖను చూచినవారు యాకూబ్ హసన్ గారు, ఖిలాఫత్ ఉద్యమములో చెరసాలకు వెళ్లినవారు. మదరాసు రాజధాని కాలువల బాగోగులు ఆ శాఖలోనివి. నీటికి మతము లేదని ఏ రైతును వారికి చెప్పవలసిన పని లేకుండెను.

కేంద్ర సభకు మూడేండ్లకొకమారు ఎన్నిక జరుగవలసియుండెను. గడువును పొడిగించుచు రాగా, ఆపై యుద్ధము గూడ వచ్చి, 1934 సభయే 1945వరకు నడచెను. కవిగారు 1945 జనవరిలో, సభ్యులుగా నుండగనే, పరమపదించిరి. మరల ఎన్నిక ఆ సంవత్సరము చివర జరిగెను. ఈమారు దేశములోని 30 ముసల్మాను స్థానములును ముస్లిం లీగుకే దక్కెను. కవిగారి స్థానమును వానిలోనిదే. ఆ ఫలితమును చూపి, ముసల్మానులందరి పక్షమున మాటలాడువారము మేమేయని లీగువారు వాదించిరి. మిగిలిన కథ మీరెరుగుదురు. ఓటు లేని తివాచీ కూలివాని నభిప్రాయము ఎవ్వరును అడుగలేదు.

1947 ఆగస్టులో రాజ్యాంగ సభ ప్రత్యేక నియోజకవర్గములను తొలగించి, అల్పసంఖ్యాకులకు కొన్ని స్థానములను మాత్రము ప్రత్యేకించుటకు నిశ్చయించెను. 1949 మే నెలలో మతమునుబట్టి స్థానములను ప్రత్యేకించుటయు వలదనెను. ఇరువది యొకటవ యేడు నిండిన స్త్రీ పురుషుల కెల్లరకును ఓటు వచ్చెను. 1951-52 ఎన్నికకు ఏలూరునందును, తాడేపల్లిగూడెమునందును, కొల్లేటి లంకలయందును తయారైన జాబితాలలో తివాచీ నేయువాడును, చేపలు పట్టువాడును, కాలువగట్టు రైతులిద్దరును చేరిరి. వారి పేర్లు ఇండ్ల వరుసనే యుండెను.