హాయిల్ ఇల్లడిగితే గుమ్మటమెందుకు?

సౌదీ అరేబియాలోని హాయిల్ నుంచి ఓ పాఠకుడు రాశారు. కాంట్రాక్టరు దగ్గర డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తున్నారట. కొత్త విల్లాల వెంచరుకు ఐడియాల కోసం బొమ్మలు గీసే ఏఐని ‘హాయిల్ ఇల్లు’ అడిగితే ప్రతిసారీ గుమ్మటం, ఖర్జూర చెట్లు, ఇసుక తిన్నెలు. ‘ఊరిని ఆనుకునే ఉన్న ఆజా గ్రానైట్ కొండలు ఒక్క బొమ్మలోనూ లేవు. ఎందుకండీ?’ అని ఆయన ప్రశ్న. దీన్ని వదలబుద్ధి కాలేదు.

పునాది రెండు ముక్కల్లో చెప్పేస్తాను. స్టేబుల్ డిఫ్యూజన్ వంటి బొమ్మల ఏఐ మోడళ్లు గజిబిజి చుక్కలతో మొదలుపెట్టి, అంచెలంచెలుగా ఆ గజిబిజిని తీసేస్తూ బొమ్మ తేలుస్తాయి. ఈ ఊహ 2015 నాటిది, భౌతికశాస్త్రంలోంచి వచ్చింది. 2020 దాకా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ‘ఇదంతా ఎవరివో ఫొటోలు కత్తిరించి అతికించడమే’ అనేవాళ్లు ఒక లెక్క చూడాలి: స్టేబుల్ డిఫ్యూజన్ తొలి మోడల్ నేర్చుకున్నది సుమారు 200 కోట్ల బొమ్మల నుంచి, ఫైలు సైజేమో నాలుగు జీబీ. బొమ్మకు రెండు బైట్లు! అందులో ఏం దాస్తారు? పదేపదే కనిపించిన కొన్నిటిని బట్టీ పట్టిన మాట మాత్రం నిజం.

ఇక అసలు తమాషా. ప్రతి అంచెలోనూ ఎంత గజిబిజి తీయాలో మోడల్ రెండుసార్లు ఊహిస్తుంది. ఒకసారి మన మాటలు చదివి, ఇంకోసారి ఏ మాటా లేకుండా. ఒక చుక్క దగ్గర మాటల్లేని ఊహ 0.2, మాటలతో ఊహ 0.3 అనుకుందాం. తేడా 0.1. బుద్ధిగా 0.3 తీసుకోవచ్చు కదా? తీసుకోదు. తేడాను మామూలుగా 7.5తో హెచ్చవేసి 0.2కు కలుపుతుంది: 0.95! కార్టూనిస్టు పొడుగు ముక్కును మూరెడు చేసినట్టు. బొమ్మను మాటలవైపు లాగాలంటే వేరే వర్గీకరణ యంత్రం కావాలని 2021లో అనుకున్నారు. జొనథన్ హో, టిమ్ సలిమన్స్ అనే పరిశోధకులు దాన్ని తీసిపారేసి, ఈ తీసివేత ఒక్కటీ చాలన్నారు. చాలింది కూడా!

పాఠకుడి చిక్కు ఇక్కడే ఉంది. హాయిల్ పేరుతో వెబ్‌లో ఉన్న ఫొటోలు ఎన్నని? మోడల్‌కు గట్టిగా తెలిసింది ‘అరబ్బు ఇల్లు’ అన్న మూస. ఆ మూస తేడానే ఏడున్నర రెట్లయి గుమ్మటంగా లేస్తుంది.

విరుగుడూ ఆ తీసివేతలోనే ఉంది. మాటల్లేని ఊహ స్థానంలో ‘గుమ్మటం, అద్దాల టవరు, ఇసుక తిన్నె’ అని పెడితే లెక్క వాటికి దూరంగా జరుగుతుంది. నెగటివ్ ప్రాంప్ట్ అంటే ఇదే. మనమిచ్చే మాటల్లో ఊరి పేరు మానేసి కంటికి కనిపించేవి రాయాలి: మందపాటి మట్టి గోడలు, గాలికి త్రికోణపు కన్నాలు, పళ్లు పళ్లుగా పిట్టగోడ, నడుమ మండువా, వెనక ఎర్రటి గ్రానైట్ కొండ. హాయిల్‌లోని ఆరిఫ్ కోట ఫొటో ఇస్తే ఇంకా మంచిది. 2023లో వచ్చిన కంట్రోల్‌నెట్ అనే జోడింపుకు మీ గీతల ప్లానే ఇస్తే, గోడల గీతలకు చాలావరకు కట్టుబడి పైపూత మారుస్తుంది.

ఉపయోగమంటారా? ఓనరుకు పది రకాలు చూపించి ఒకటి తేల్చుకోవడానికి పనికొస్తుంది. అంతే. త్రికోణపు కన్నం గోడకు అవతల తేలుతుందో లేదో, పై అంతస్తుకు మెట్లెక్కడో ఆ బొమ్మకు తెలియదు. పైగా 2025లో సౌదీ ప్రభుత్వం 19 ప్రాంతీయ నిర్మాణ శైలులను మ్యాపుగా ప్రకటించింది. ఏఐ మాత్రం ఆ పంతొమ్మిదినీ ఒకే గుమ్మటం కింద తోసేస్తోంది. బలదియాకు (అక్కడి మునిసిపాలిటీకి) కొలతలున్న డ్రాయింగే కావాలి కాబట్టి, డ్రాఫ్ట్స్‌మన్ గారూ, మీ ఉద్యోగానికి ఇప్పట్లో ఢోకా లేదు.