విమానం పేరులోని అంకెలకు అర్థమేమిటి?

భిలాయ్ సెక్టర్ 2 తెలుగువారికి దగ్గరి ప్రధాన విమానాశ్రయం రాయ్‌పూర్. అక్కడ కనిపించే ఎయిర్‌బస్ ఎ320 విమానాలన్నీ ఒకే రకానికి చెందినవి కావు. ఎ320-271ఎన్ అనే సంకేతంలో తొలి 2 శ్రేణిని, 7 ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్‌ను, 1 ఇంజిన్ రకాన్ని, ‘ఎన్’ కొత్త ఇంజిన్ల ‘నియో’ నమూనాను తెలుపుతాయి. 251ఎన్‌లోని 5 సీఎఫ్‌ఎం ఇంజిన్‌కు గుర్తు.

ఈ ఒక్క అంకె తేడా చిన్నదేమీ కాదు. ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్లలో కొన్నింటి లోపాల వల్ల 2018 మార్చిలో డీజీసీఏ 11 నియో విమానాలను నిలిపివేసింది. సీఎఫ్‌ఎం ఇంజిన్లున్న నియోలకు ఆ ఉత్తర్వు వర్తించలేదు.

బోయింగ్ పద్ధతి వేరు. 747-437లో 4 అంటే 400 శ్రేణి. 37 ఎయిరిండియాకు కేటాయించిన సంఖ్య. 787 నుంచి కొనుగోలుదారు సంఖ్యను చేర్చడం మానేశారు.